రాడనుకుంటానా, వస్తాడనుకోనా?

ఇంగ్లీషు కొత్తగా మాట్లాడుతున్న తెలుగు పిల్లవాణ్ణి "మీ నాన్న ఇవాళ వస్తారా?" అని అడిగి చూడండి. మనసులో "రారనుకుంటా" అనుకుని, దాన్నే ఇంగ్లీషులోకి దించి "ఐ థింక్ హీ విల్ నాట్ కమ్" అంటాడు. వ్యాకరణం ప్రకారం అందులో తప్పేమీ లేదు. అయినా టీచరు దిద్దుతారు: "ఐ డోంట్ థింక్ హీ విల్ కమ్ అనాలి." ఎందుకని అడిగితే "వాళ్ళు అలాగే అంటారు" అన్నదే జవాబు. పిల్లవాడి బుర్రలో మాత్రం న్యాయమైన సందేహం ఒకటి మిగిలిపోతుంది. తను అనుకుంటూనే ఉన్నాడు కదా, మరి "అనుకోను" అనడమెందుకు? రానిది నాన్న. ఆ 'నాట్' నాన్నను వదిలేసి తన మీదికొచ్చి ఎందుకు కూర్చుంది?

ఈ సందేహం పెద్దవాళ్ళకీ వచ్చింది. డెన్మార్క్ పండితుడు ఆటో యెస్పర్సన్ 1917లో నిషేధం మీద రాసిన పుస్తకంలోనే ఈ సంగతి పట్టుకున్నాడు. ఉపవాక్యంలో ఉండాల్సిన 'నాట్'ను ప్రధాన వాక్యంలోని క్రియ తన వైపు లాక్కుంటుందన్నాడు. 1963లో చార్ల్స్ ఫిల్‌మోర్ దీన్ని అప్పటి కొత్త వ్యాకరణ సిద్ధాంతంలోకి తెచ్చాడు. 'నాట్' పుట్టేది కింది వాక్యంలో, కనబడేది పై వాక్యంలో అన్నది ఆ ఆలోచన. తర్వాత దీనికి 'నెగ్ రైజింగ్' అన్న పేరు స్థిరపడింది. 1985లో క్వర్క్ బృందం వెలువరించిన పెద్ద వ్యాకరణ గ్రంథం మాత్రం 'బదిలీ అయిన నిషేధం' అంటుంది. నాకు ఆ పేరే నచ్చుతుంది. డిప్యుటేషన్ మీద వెళ్ళిన గుమస్తా గుర్తొస్తాడు: కుర్చీ ఒక ఆఫీసులో, మనిషి ఇంకో ఆఫీసువాడు.

బదిలీ నిజంగా జరిగిందనడానికి రుజువేమిటి? రాబిన్ లేకాఫ్ 1969లో చూపించిన రుజువు చాలా ముచ్చటైనది. ఇంగ్లీషువాళ్ళు వాక్యం చివర ఒక తోక ప్రశ్న తగిలిస్తారు. అవునన్న వాక్యానికి కాదన్న తోక, కాదన్న వాక్యానికి అవునన్న తోక. "హీ విల్ కమ్, వోంట్ హీ?" అంటారు. "హీ వోంట్ కమ్, విల్ హీ?" అంటారు. ఇప్పుడు ఈ వాక్యం చూడండి: "ఐ డోంట్ సపోజ్ హీ విల్ కమ్, విల్ హీ?" ఇందులో 'హీ విల్ కమ్' అన్న ముక్కలో నిషేధం ఎక్కడా లేదు. తోక మాత్రం 'హీ వోంట్ కమ్'కు తగిలించేదే. మనిషి పక్కింటికి వెళ్ళాడు గానీ చెప్పులు ఈ గుమ్మంలోనే ఉన్నాయి.

'అంటిల్' అన్న మాట ఇంకో సాక్షి. "హీ వోంట్ కమ్ అంటిల్ ఫ్రైడే" అనవచ్చు, "హీ విల్ కమ్ అంటిల్ ఫ్రైడే" అనకూడదు. రావడం లాంటి క్షణంలో ముగిసే పనికి ఆ మాట తగలాలంటే దగ్గర్లో నిషేధం ఉండాలి. అయినా "ఐ డోంట్ థింక్ హీ విల్ కమ్ అంటిల్ ఫ్రైడే" అంటే ఎవరూ ఉలిక్కిపడరు. అంత దూరంలో ఉన్న 'డోంట్' కూడా దానికి సరిపోతుంది. ఇక్కడ తెలుగు కాస్త మొండికేస్తుంది. "శుక్రవారం దాకా రాడనుకుంటా" అనడం సహజం. "శుక్రవారం దాకా వస్తాడనుకోను" అన్నది నా చెవికి కుంటుతూ వినబడుతుంది. మన 'దాకా'కు తన క్రియలోనే నిషేధం కావాలి, పై క్రియలో ఉన్నది చాలదు.

అన్ని క్రియలూ ఈ బదిలీని ఒప్పుకోవు. థింక్, బిలీవ్, సపోజ్, ఎక్స్‌పెక్ట్, ఇమాజిన్, సీమ్, వాంట్ ఒప్పుకుంటాయి. నో, సే, క్లెయిమ్, రిగ్రెట్ ఒప్పుకోవు. "వాడు వస్తాడని చెప్పలేదు" అన్నదీ "వాడు రాడని చెప్పాను" అన్నదీ ఒకటి కావని తెలియడానికి ఇంగ్లీషు అక్కర్లేదు, నలుగురున్న ఇంట్లో పెరిగితే చాలు. ఎందుకీ తేడా అన్నదానికి లారెన్స్ హార్న్ చెప్పిన లెక్క నాకు అన్నిటికంటే ఒప్పుదలగా ఉంటుంది. నిషేధం మీదే జీవితం గడిపిన మనిషి ఆయన. 1989లో 'ఎ నేచురల్ హిస్టరీ ఆఫ్ నెగేషన్' అని పెద్ద పుస్తకమే రాశాడు. నమ్మకాలను బలాన్నిబట్టి ఒక కొలబద్ద మీద పేర్చండి. కింద 'సాధ్యమే', నడుమ 'బహుశా', పైన 'ఖాయం'. వాడు రావడం ఖాయం కాదంటే రాకపోవడం ఖాయమని కాదు. రావడం సాధ్యం కాదంటే రాకపోవడం సాధ్యమే అన్నంత మెత్తగా ఉండదు, అది తలుపు మూసెయ్యడం. నడుమ ఉన్న మెట్టు మీద మాత్రం, వచ్చే సూచన లేదన్నా రాని సూచన ఉందన్నా మాట దాదాపు ఒకచోటికే చేరుతుంది. 'థింక్' ఉండేది ఆ నడిమి మెట్టు మీదే. అందుకే 'నాట్' అటున్నా ఇటున్నా వినేవాడికి పెద్ద నష్టం లేదు.

ఇంత చక్కటి లెక్కనూ 'హోప్' చెడగొడుతుంది. అదీ నడిమి మెట్టు మాటే, అయినా వర్షం రాకూడదని ఆశపడే ఇంగ్లీషువాడు "ఐ హోప్ ఇట్ డజంట్ రెయిన్" అంటాడు గానీ 'డోంట్'ను 'హోప్' మీద పెట్టడు. జవాబుల్లోనూ అంతే. "ఐ డోంట్ థింక్ సో" ఉంది, "ఐ హోప్ నాట్" ఉంది, "ఐ డోంట్ హోప్ సో" లేదు. ఆశ లేకపోవడం ఉదాసీనత కావచ్చు కదా అని సమర్థించబోతే, కోరిక లేకపోవడమూ ఉదాసీనతే కావాలి. మరి 'వాంట్' హాయిగా ఒప్పుకుంటోందే! "ఐ డోంట్ వాంట్ యూ టు గో" అన్న తల్లికి కొడుకు వెళ్ళినా ఉన్నా ఒకటేనని ఎవరూ అనుకోరు. 'గెస్' కూడా చాలామంది నోట ఈ బదిలీని ఒప్పుకోదు, అమెరికా దక్షిణాదిన మాత్రం "ఐ డోంట్ గెస్" వినబడుతుంది. ఏ సూత్రమైనా మూడు వంతులు నడిచి నాలుగో వంతు దగ్గర వాడుకకు దారివ్వాల్సిందే.

1973లో రెనాటె బార్ట్ష్ ఇంకో దారి పట్టింది. అసలు బదిలీయే లేదు, ఉన్నది వినేవాడి ఊహ అంది. ఒక విషయం మీద నోరు విప్పినవాడికి ఏదో ఒక అభిప్రాయం ఉంటుందని మనం ముందే అనుకుంటాం. వస్తాడనుకుంటాడు, లేదా రాడనుకుంటాడు. "వస్తాడనుకోను" అనగానే మొదటిది కొట్టుకుపోయి రెండోది మిగులుతుంది. మరి ఆ అభిప్రాయమే లేనివాడి మాటేమిటి? ఈ ప్రశ్న దేవుడి దగ్గర పెద్ద తగాదా అయింది. "ఐ డోంట్ బిలీవ్ దేర్ ఇజ్ ఎ గాడ్" అన్నవాణ్ణి లోకం నాస్తికుడిగా లెక్కేస్తుంది, అంటే లేడని నమ్మేవాడిగా. ఆ మాటను అక్షరాలా తీసుకుంటే అతను చెప్పింది ఉన్నాడన్న నమ్మకం తనకు లేదనే. 1869లో టి.హెచ్. హక్స్‌లీ 'ఆగ్నాస్టిక్' అన్న మాట పుట్టించాడు. తెలియదనేవాడు తనను తాను లేడనేవాడి నుంచి విడదీసుకోవడానికి ఒక వేరే మాట కావలసి వచ్చిందంటే, ఈ చిన్న 'నాట్' ఎంత చిక్కు పెట్టగలదో చూడండి. "దేవుడున్నాడని నమ్మను" అన్న తెలుగు వాక్యంలోనూ అదే ముడి ఉంది.

ఇంతకీ ఈ అలవాటుతో ఇంగ్లీషువాడికి ఏం లాభం? మర్యాద. "ఐ థింక్ ఇట్ ఈజ్ బ్యాడ్" చెంపదెబ్బ. "ఐ థింక్ ఇట్ ఈజ్ నాట్ గుడ్" కొంచెం నయం. "ఐ డోంట్ థింక్ ఇట్ ఈజ్ గుడ్" అన్నప్పుడు 'నాట్' ఆ వస్తువుకు వీలైనంత దూరం జరుగుతుంది, లోటేదో చూసేవాడి కంటిలోనే ఉన్నట్టు. దూరం పెరిగినకొద్దీ దెబ్బ తగ్గుతుంది. ఈ మెత్తదనం కొత్తవాళ్ళను మోసం చేస్తుంది కూడా. "ఐ డోంట్ థింక్ దిస్ ఇజ్ రెడీ" అని బాస్ రాస్తే, ఆయన ఇంకా ఏమీ తేల్చుకోలేదని చదువుకునేవాళ్ళున్నారు. ఆయన తేల్చేశాడు. దాన్ని పంపొద్దంటున్నాడు.

మనకు మర్యాద లేక కాదు, మన పనిముట్టు వేరు. పులుసులో ఉప్పు చాలకపోతే "ఉప్పు సరిపోయిందనుకోను" అని ఏ ఇంట్లోనూ అనరు. "ఉప్పు తగ్గిందేమో", "తగ్గినట్టుందే" అంటారు. నిషేధమో లోటో ఉన్నచోటే ఉంటుంది, దాని మీద 'ఏమో' అన్న పల్చటి గుడ్డ కప్పుతాం. రాను, రాడు, తెలియదు అంటూ మన నిషేధం క్రియలోనే కరిగిపోయి ఉంటుంది. విడిమాటగా ఉన్న 'నాట్'ను ఎత్తి ఇంకోచోట పెట్టినంత తేలిక కాదు దాన్ని కదపడం. పైగా దిక్కు కూడా వేరు. ఇంగ్లీషులో పై క్రియ ముందొస్తుంది, కాబట్టి బదిలీ అయిన 'నాట్' వాక్యం మొదట్లోనే వినబడి హెచ్చరిస్తుంది. నిషేధాన్ని వీలైనంత ముందుకు తెచ్చే స్వభావం భాషల్లో ఉందని యెస్పర్సన్ అన్నదీ ఇదే. తెలుగులో పై క్రియ చివరొస్తుంది. "వాడు వస్తాడని నేను..." అంటూ చెప్పేవాడు ఊపిరి తీసుకుంటే, వినేవాడు ఆశగా ఎదురు చూడాల్సిందే. 'అనుకోను' చిట్టచివర్న పడుతుంది. అదే "రాడనుకుంటా" అంటే సంగతి ముందే తెలిసిపోతుంది. ఆ పిల్లవాడి నోట "రారనుకుంటా" రావడానికి ఇదీ ఒక కారణమై ఉండాలి.

తెలుగుకు ఒక వసతి మాత్రం ఉంది, అది ఇంగ్లీషుకు లేదు. "ఐ డోంట్ థింక్ హీ విల్ కమ్, ఐ నో హీ విల్" అనాలంటే ఇంగ్లీషువాడు 'థింక్'ను గట్టిగా ఒత్తి పలకాలి. రాతలో ఆ ఒత్తు కనబడదు, అర్థం తలకిందులవుతుంది. మనకు ఆ ఇబ్బంది లేదు, రెండు వేర్వేరు మాటలున్నాయి. "వస్తాడని అనుకోవడం లేదు" అంటే రాడు. "వస్తాడని అనుకోవడం కాదు, వస్తాడని తెలుసు" అంటే వస్తాడు.

భూతకాలంలోకి వెళితే రెండు భాషలూ మళ్ళీ కలుస్తాయి. పెళ్ళింట్లోనో చావింట్లోనో, ఎన్నాళ్ళకో కనబడ్డ చుట్టాన్ని చూసి "ఐ డిడ్ నాట్ థింక్ యూ వుడ్ కమ్" అంటారు అక్కడ. "నువ్వొస్తావనుకోలేదురా" అంటుంది ఇక్కడ పెద్దమ్మ. ఆ మాటలో నిషేధం ఉంది, కానీ మనిషి ఎదురుగానే ఉన్నాడు. రాడన్నది ఆవిడ నిన్నటి అంచనా, వచ్చాడన్నది ఇవాళ్టి సంగతి, రెండూ ఒక్క 'అనుకోలేదు'లోనే ఇమిడిపోయాయి. వాడు సంచీ గోడకానించి, "నేనూ అనుకోలేదు పెద్దమ్మా" అంటాడు.