సంతకం లేని స్వగతం

వ్యక్తి అంతరంగాన్ని గ్రహించటానికి దినచర్యలు, లేఖలు సాహిత్య చరిత్రకు ఎంతగానో తోడ్పడ్డాయి. గురజాడ మరణించిన (1915) తరువాత వెలువడిన ఆయన దినచర్యలు, లేఖలు మనకు నేటికీ విలువైన ఆధారాలే. లేఖ రాసేవానికి దానిని చదివేవారొకరు ఉన్నారన్న ఎరుక ఉంటుంది. దినచర్యకు రచయితే తొలి పాఠకుడు. ఇంటర్నెట్‌లో ఏదో వెదుకుతూ మనిషి విడిచిపోయే మాటలకు అటువంటి పాఠకుడెవరూ లేరు. వాటినుండి ఒక జీవితకథను కూర్చవచ్చునా? 'ఐ లవ్ అలాస్కా' అనే చిత్రం ఈ ప్రశ్నను మన ముందుంచుతున్నది.

2006 ఆగస్టులో అమెరికాకు చెందిన ఏఓఎల్ సంస్థ సుమారు 6,50,000 మంది మూడు నెలల కాలంలో వెదికిన దాదాపు 2 కోట్ల ప్రశ్నలను పరిశోధకుల కోసం బహిరంగపరచింది. పేర్లకు బదులు సంఖ్యలు ఇచ్చింది. కొద్ది రోజులకే వాటిని ఉపసంహరించుకున్నా, అప్పటికే ప్రతులు వ్యాపించాయి. 'న్యూయార్క్ టైమ్స్' విలేఖరులు ఒక సంఖ్య కింద ఉన్న ప్రశ్నలను జోడించి చూసి, వాటిని అడిగిన వృద్ధురాలిని గుర్తించగలిగారు. పేరు తీసివేసినంత మాత్రాన మనిషి మరుగుపడడని దీనితో రుజువైంది.

ఆ సంఖ్యలలో మరొకదాని వెనుక ఉన్న స్త్రీ ప్రశ్నలే ఈ చిత్రానికి మూలం. డచ్ కళాకారులు లెర్నెర్ట్ ఎంగెల్‌బెర్ట్స్, సాండర్ ప్లగ్ 2009లో దీనిని 13 భాగాలుగా రూపొందించారు. అలాస్కా ప్రకృతి దృశ్యాలు సాగుతుండగా ఒక స్త్రీ కంఠం ఆ ప్రశ్నలను ఉద్వేగరహితంగా చదువుతుంది. ఆమె విడి పదాలను గాక తరచు నిండు వాక్యాలనే యంత్రానికి నివేదించుకున్నది. నటన, వ్యాఖ్యానం లేని ఈ సంయమనమే చిత్రానికి బలం. ఒంటరితనాన్ని వర్ణించకుండానే అనుభవానికి తెచ్చారు.

అయితే ఎంపిక కూడా ఒక రచనే. ఉత్సుకతతో అడిగినదేదో, ఆచరించినదేదో ఆ జాబితా చెప్పదు. ఒకే యంత్రాన్ని ఇంట్లో మరొకరు వాడి ఉండవచ్చు. కాలక్రమంలో పేర్చి చదవగానే ఒక ప్రశ్న తరువాతి ప్రశ్నకు కారణంగా తోస్తుంది. ప్రేక్షకుడు కథ విన్నాననుకుంటాడు. నిజానికి ఖాళీలను తానే పూరించుకుంటాడు. ఆ స్త్రీని పాత్రగా మార్చిన ఈ అల్లికను చిత్రం ఎక్కడా ప్రశ్నించుకోలేదు. ఇది దాని ప్రధాన లోపం.

మన దేశంలో ఆంతరంగికత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. వ్యక్తి స్వయంగా బహిరంగపరచిన సమాచారాన్ని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం తన పరిధినుండి మినహాయించింది. ఈ 'స్వయంగా' అన్న మాట విమర్శకులకూ శిరోధార్యం. ఆ స్త్రీ మాటలు ఆమెవే, ప్రచురణ మాత్రం ఆమెది కాదు. రచయితల కంప్యూటర్లలో మిగిలిన జాడలు రేపటి పరిశోధనకు ముడిసరుకు కానున్నాయి. వాటిని భద్రపరచే అధికారులు, పరిష్కర్తలు దేనిని సేకరించాలన్న దానికంటే ముందు, దానిని వెల్లడించే అనుమతి ఎవరిచ్చారన్నది విచారించవలసి ఉన్నది.