గద్దె చేతిలోంచి లాక్కున్న మాట

1977లో సైన్యంతో గద్దెనెక్కిన జియా ఉల్ హక్ ఆ గద్దెకి ఇస్లాం ముసుగు కప్పాడు. హుదూద్ చట్టాలు, కొరడా దెబ్బలు మతం పేరుతోనే వచ్చాయి. 1979లో ఫైజ్ అహ్మద్ ఫైజ్ రాసిన ‘వ యబ్ఖా వజ్హు రబ్బిక’ నజ్మ్‌ని 1986 ఫిబ్రవరిలో, లాహోర్ అల్‌హమ్రాలో ఇక్బాల్ బానో పాడింది. అప్పటికి ఫైజ్ చనిపోయి ఏడాది దాటింది.

దీన్ని మతాన్ని ధిక్కరించిన పాటగా చెప్పుకోవడం మన అభ్యుదయవాదులకి అలవాటు. మేం ఒప్పుకోం. నజ్మ్ శీర్షికే ఖురాన్‌లోని సూరా రహ్మాన్ మాట. భూమ్మీద ఉన్నదంతా నశిస్తుందనీ, ప్రభువొక్కడే మిగులుతాడనీ ఆ ఆయత్‌ల సారం. అయితే జియా కూడా నశించేవాడే! ఏ ఖురాన్ పేరు చెప్పి నోళ్లు మూయించాడో ఆ ఖురాన్ మాటతోనే ఫైజ్ అతన్ని నిలదీశాడు.

ఠుమ్రీ, దాద్రాల్లో పండిన బానో గొంతు తొందరపడదు. ఒక్కో మాటనీ నిలిపి జనానికి అందిస్తుంది. రికార్డింగులో వినిపించే చప్పట్లూ నినాదాలూ పాటలో భాగమే.

2019 డిసెంబరులో కాన్పూర్ ఐఐటీ విద్యార్థులు ఇదే నజ్మ్ చదివితే హిందూ వ్యతిరేకమన్నారు, విచారణ కమిటీ వేశారు. అక్కడ ముస్లిం నియంతని నిలదీసిన పాట, ఇక్కడ ముస్లిం పాట అయినందుకే నేరమైంది. రెండు చోట్లా భయం ఒక్కటే: గద్దె దేవుడిది కాదని జనం గొంతెత్తి పాడుకోవడం.