మైనస్ గుర్తు ఎరుగని ఊరు

జీపీఎస్ పరికరంలో తయారీదారులు ముందుగానే పొందుపరచిన హోటళ్లు, ఆసుపత్రులు, పెట్రోలు బంకులు కాక, ప్రయాణికుడు తన అవసరాన్ని బట్టి స్వయంగా చేర్చుకొనే స్థలాలను సొంత పీఓఐలు అంటారు. ఫోనులోని మ్యాపే చాలుననుకొనేవారికి ఇది పాతకాలపు శ్రమగా తోచవచ్చు గానీ, విదేశంలో అద్దె కారు తీసుకొని, ఇంటర్నెట్ అందని దారుల్లో తిరగవలసినవారికి, బంధువుల ఇల్లు, గుడి, శాకాహార భోజనశాల ముందే ఎక్కించి ఉన్న జాబితా ఇప్పటికీ నమ్మదగిన తోడు. ఆ జాబితా అక్కడికి చేరాక మొరాయిస్తే తప్పు పరికరానిదనో ఉపగ్రహాలదనో అనుకోవడం పరిపాటి. నిజానికి అటువంటి తప్పుల్లో అధికభాగం బయలుదేరక ముందే, ఇంట్లో కూర్చొని అంకెలు రాసుకొనేటప్పుడే దొర్లినవై ఉంటాయి. వాటిని పసిగట్టడానికి ఎవరికైనా తమ ఊరే మొదటి పరీక్షాస్థలం కాగలదు, ఒక్క విషయంలో తప్ప.

అనంతపురం జిల్లాలోని కణేకల్‌నే తీసుకొంటే, తుంగభద్ర ఎగువ కాలువ నీరు చేరే పెద్ద చెరువు ఒక పక్కనా, పుస్తకాలు వేదవతి అనీ జనం హగరి అనీ పిలిచే నది పొడుగునా గాలికి కదిలే ఇసుక దిబ్బలు మరో పక్కనా ఉన్న ఆ ప్రాంతంలో దారి అడిగినవారికి వీధి పేరు, ఇంటి నంబరు కన్నా చెరువు కట్ట, తూము, కాలువ మీది వంతెన, ఫలానా గుడి వెనక అన్న గుర్తులే ఎక్కువగా అక్కరకొస్తాయి. సొంత పీఓఐ అన్నది ఆ గుర్తులకే అంకెల రూపం. ఏ గుర్తు కదులుతుందో, ఏది కదలదో ఎరిగి ఎంచుకోవడం ఈ పనిలో మొదటి మెళకువ. ఇసుక దిబ్బను ఆనవాలుగా పెట్టుకొన్నవారు ఏడాది తరవాత దాన్ని అక్కడ వెతకరాదు.

కణేకల్ సుమారు 14 డిగ్రీల 53 నిమిషాల ఉత్తర అక్షాంశం, 77 డిగ్రీల 2 నిమిషాల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. డిగ్రీలో అరవయ్యో వంతు నిమిషం గనుక, ఇదే స్థానాన్ని దశాంశాల్లో రాస్తే 14.88, 77.03 అవుతుంది. ఈ లెక్క వేయకుండా 53ను నేరుగా చుక్క తరవాత పెట్టి 14.53 అని ఎక్కించినా పరికరం అభ్యంతరం చెప్పదు. ఊరిని మాత్రం దాదాపు 39 కిలోమీటర్లు దక్షిణానికి జరిపి, కళ్యాణదుర్గానికి పడమట ఎక్కడో నిలబెడుతుంది. రెండో దశాంశం విలువ నేల మీద సుమారు ఒక కిలోమీటరు, అయిదో దశాంశం విలువ సుమారు ఒక మీటరు కాబట్టి, పైన ఇచ్చిన అంకెలు ఊరిని పట్టిస్తాయి గానీ ఇంటిని పట్టించలేవు.

ఇంతకన్నా మోసకారి తప్పు వరుసది. ఒక్కో పంక్తికి ఒక్కో స్థలం చొప్పున, అంకెలను పేర్లను కామాలతో విడదీసి రాసే సాదా ఫైలును సీఎస్‌వీ అంటారు. దాన్ని గార్మిన్ పరికరాల్లోకి ఎక్కించే పీఓఐ లోడర్ అనే ప్రోగ్రాము మొదట రేఖాంశాన్ని, పిమ్మట అక్షాంశాన్ని కోరుతుంది. ఫోను మ్యాపు ఇచ్చే వరుస దీనికి సరిగ్గా తారుమారు. అక్షాంశం 90 డిగ్రీలను మించదు గనుక తారుమారైన పంక్తి తిరస్కరణకు గురికావలసిందే, కానీ కణేకల్ రేఖాంశం 77 మాత్రమే కావడంతో అది అక్షాంశంగా చెల్లిపోయి, చెరువు కట్ట కాస్తా ఆర్కిటిక్‌లో, నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల దాపున తేలుతుంది. కువైట్ నగరానికి ఇదే జరిగితే పాయింటు ఉక్రెయిన్‌లో పడుతుంది. ఈ విషయంలో డాలస్ వెళ్లేవారు అదృష్టవంతులు, ఆ నగరపు రేఖాంశం దాదాపు 97 గనుక తారుమారైన అంకెలు అసలు ఎక్కనే ఎక్కవు. తప్పును దిద్దుకోవడానికి తిరస్కరణను మించిన మేలు లేదు.

ఇక ఊరి పరీక్షకు అందని ఆ ఒక్క విషయం మైనస్ గుర్తు. భారతదేశమంతా భూమధ్యరేఖకు ఉత్తరాన, గ్రీన్‌విచ్ రేఖకు తూర్పున ఉన్నందువల్ల ఇక్కడి అక్షాంశ రేఖాంశాలు రెండూ ధనసంఖ్యలే; పడమటి రేఖాంశాలకు, దక్షిణపు అక్షాంశాలకు ముందు మైనస్ పెట్టాలన్న నియమం ఇక్కడివారికి తెలిసినా చేతికి అలవాటు కాదు. పిట్స్‌బర్గ్ దగ్గర పెన్ హిల్స్‌లో 1976లో వెలసిన వేంకటేశ్వరాలయం స్థానం సుమారు 40.4, మైనస్ 79.8. ఆ చిన్న గీత జారిపోతే స్వామివారి కోవెల చైనాలోని తక్లామకాన్ ఎడారి వాయవ్యపు అంచుకు తరలిపోతుంది, పరికరమేమో అక్కడికి దారి లేదని మాత్రమే చెప్పి ఊరుకుంటుంది. ఈ గీత పోయే మార్గాలు పలు: పడమరను సూచించే అక్షరాన్ని వదిలేసి అంకెను మాత్రమే ఎత్తిరాయడం ఒకటి కాగా, ఎక్కడి నుంచో తెచ్చి అతికించిన పొడవాటి అచ్చు గీతను ప్రోగ్రాము మైనస్‌గా గుర్తించకపోవడం మరొకటి. అందుచేత పరీక్ష కోసం జాబితా మొదట్లో కణేకల్‌ను ఉంచడం మంచిదే అయినా అది చాలదు. దాని కింద పిట్స్‌బర్గ్ గుడిని, సిడ్నీకి దక్షిణాన హెలెన్స్‌బర్గ్‌లో ఉన్న వేంకటేశ్వరాలయాన్ని కూడా చేర్చాలి. మొదటిది పడమటి మైనస్‌ను, రెండోది దక్షిణపు మైనస్‌ను పరీక్షిస్తాయి. హెలెన్స్‌బర్గ్ రేఖాంశం సుమారు 151 కావడం వల్ల వరుస తప్పు కూడా దాని దగ్గరే బయటపడుతుంది.

అంకెలన్నీ సరిగ్గా ఉన్నా పాయింటు కొంత పక్కకు జరిగి కనిపిస్తే కారణం డేటమ్ కావచ్చు. భూమిని ఏ గణితరూపంగా భావించి, దాన్ని ఎక్కడ ఆనించి కొలతలు వేశారో తెలిపే ప్రాతిపదికకే డేటమ్ అని పేరు. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర ఆధారరేఖ కొలిచి ఆరంభించిన మహా త్రికోణమితి సర్వే 1811లో గుత్తి ప్రాంతంలోనూ అటువంటి రేఖను కొలిచింది గనుక, ఈ విద్య అనంతపురం నేలకు కొత్తదేమీ కాదు. ఆ సర్వే వారసత్వంగా వచ్చిన పాత పటాలు ఎవరెస్ట్ పేరిట ఉన్న భూరూపాన్ని అనుసరిస్తే, జీపీఎస్ డబ్ల్యూజీఎస్ 84 అనే ప్రపంచవ్యాప్త డేటమ్‌ను అనుసరిస్తుంది. సర్వే ఆఫ్ ఇండియా 2005 పటాల విధానంతోనే సాధారణ వినియోగపు పటాలను దానికి మార్చింది. పాత పటం నుంచి తీసిన అంకెలను అలాగే ఎక్కిస్తే గుర్తు పక్కకు జరగడం సహజం. చైనాలోనైతే ప్రభుత్వ నిబంధన ప్రకారం అక్కడి మ్యాపులనే వందల మీటర్ల మేరకు జరిపి ప్రచురిస్తారు కాబట్టి, ఆ దేశానికి పాయింట్లు రాసుకొనేవారు అంకెలు ఏ మ్యాపువో తెలుసుకొని తీరాలి.

తెలుగులో రాసిన పేర్లు చాలా పరికరాల్లో డబ్బాలుగా కనిపిస్తాయి గనుక రోమన్ లిపిలో రాయడమే క్షేమం. పాయింట్లు వేరు, రోడ్ల పటం వేరు. వెళ్లే దేశపు పటం ఎక్కించకపోతే పాయింటు కనిపించినా దారి కనిపించదు. సాధారణంగా పరికరం ఉన్నచోటుకు దగ్గరి స్థలాలనే ముందు చూపుతుంది కాబట్టి, కణేకల్‌లో కూర్చొని పిట్స్‌బర్గ్ పాయింట్లు కనిపించలేదని కంగారుపడకుండా వెతికే ప్రాంతాన్ని ఆ నగరానికి మార్చి చూడాలి. వేల కిలోమీటర్ల అవతల దిగి పరికరాన్ని తెరిచినప్పుడు అది ఉపగ్రహాలను కొత్తగా వెతుక్కొంటుంది. ఉపగ్రహాల పట్టిక అంతా అందడానికే 12 నిమిషాలకు పైగా పడుతుంది గనుక, పార్కింగు నేలమాళిగలో కాక ఆకాశం కనిపించే చోట కాసేపు నిలపాలి.

జాబితాను సొంతంగా రాసుకోక, వేగాన్ని పట్టే కెమెరాల స్థానాలతో సిద్ధంగా దొరికేదాన్ని తెచ్చుకొనేవారు చట్టం గురించి కూడా ఆలోచించాలి. అటువంటి కెమెరాలు దగ్గరపడుతున్నాయని హెచ్చరించే ఏర్పాటును వాహనం నడిపేవారు వాడడం జర్మనీలోనూ స్విట్జర్లాండ్‌లోనూ నేరం. ఫ్రాన్స్ 2012లో దీన్ని నిషేధించింది. యూరప్ విమానం ఎక్కేవారు ఆ జాబితాను మూసిపెట్టడంతో సరిపెట్టుకోక, పరికరం నుంచీ మెమరీ కార్డు నుంచీ పూర్తిగా తొలగించాలి.