‘రు’ వద్దన్నాను, ఆయన ‘లు’ అన్నారు

ఉగాది సాయంత్రం హైదరాబాదు కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో అష్టావధానం పెట్టారు. అవధాని ఒక్కో అక్షరం చెప్పేకొద్దీ తర్వాతి అక్షరం ఫలానాది వద్దనే నిషిద్ధాక్షరికి నన్ను పృచ్ఛకుడిగా, అంటే అడిగేవాడిగా, కూర్చోబెట్టారు. దుర్గం చెరువు మీద వెన్నెలను వర్ణించమని అడిగాను. అవధాని గారు ‘చె’ అన్నారు. చెరువు తప్ప ఇంకేమంటారని ‘రు’ వద్దన్నాను. ‘లు’ అన్నారు. చెలువు కాబోలని ‘వు’ వద్దన్నాను. ‘వం’ అన్నారు. చెలువంబు అనకుండా ‘బు’కి అడ్డం పడ్డాను. ఆయన ‘పు’ అని నవ్వారు. చెలువంపు వెన్నెల నా కళ్లముందే పొడిచింది.

నేను చేసిందేమిటో ఇంటికొచ్చాక గాని అర్థం కాలేదు. ఆయన కడుతున్నది కంద పద్యం. అందులో రెండో అక్షరం ప్రాస. నాలుగు పాదాల్లోనూ ఆ చోట అదే హల్లు రావాలి. నేను ‘రు’ని తోసేయగానే మిగిలిన మూడు పాదాలూ లకారానికి కట్టుబడిపోయాయి. ‘చె’ లఘువు కనుక నాలుగు పాదాలూ లఘువుతోనే ఎత్తుకోవాలి. గణాలు, యతి సరేసరి. ఒక పాదం ముగించి ఆయన ఇంకొకరి వైపు తిరిగారు. సమస్య, వర్ణన, ఆశువు అన్నీ చుట్టి, రెండో ఆవృత్తిలో మళ్లీ నా దగ్గరికొచ్చి, ఆపిన చోటి నుంచే అందుకున్నారు. చేతిలో కాగితం లేదు. మధ్యలో అప్రస్తుత ప్రసంగి బయోడైవర్సిటీ జంక్షన్ ట్రాఫిక్ గురించి అడుగుతూనే ఉన్నాడు. ఒక పిల్లవాడు తోచినప్పుడల్లా గంట కొడుతున్నాడు. ఆ గంటల లెక్కా ఆయనే చెప్పాలి.

పక్క బ్లాకులో ఉండే టెస్టింగ్ ఇంజనీరమ్మాయిది దత్తపది. జావా, కోడ్, లాగిన్, యాప్ అనే నాలుగు మాటలతో ద్రౌపదీ స్వయంవరం చెప్పమంది. హాలంతా గొల్లుమంది. కిటుకు చూడండి: ‘రాజావాసము’లో జావా ఉంది, ‘కోడలు’లో కోడ్ ఉంది, వింటినారి ‘లాగినంత’లో లాగిన్ ఉంది, ‘దయాపరుడు’లో యాప్ ఉంది. పరాయి మాటను పగలగొట్టి తెలుగు మాటలో కలిపేసుకోవడమే దత్తపదిలోని పనితనం. ఇచ్చిన మాట కనపడాలి, కథ చెడకూడదు.

చివర ధారణ. అన్ని పద్యాలనూ వరసగా, అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పారు. అవధానం అంటే ఏకాగ్రత. ఆ మాటకు రుజువు అక్కడే దొరుకుతుంది.

ఈ కళను పండిత సభల నుంచి బజారు దాకా తెచ్చినవారు తిరుపతి వేంకట కవులు: దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950). విక్టోరియా రాణి ఏలుబడి చివరి రోజులవి. ఉద్యోగమంటే ఇంగ్లీషు చదువే అయిన కాలంలో ఇద్దరు కుర్రాళ్లు తెలుగు, సంస్కృతాలను నమ్ముకుని ఊరూరా తిరిగి శతావధానాలు చేశారు. నిజాం రాజ్యంలోని గద్వాల, ఆత్మకూరు, వనపర్తి సంస్థానాల్లోనూ నెగ్గుకొచ్చారు. వాళ్ల పాండవోద్యోగ విజయాల నాటక పద్యాలు చదువురానివాళ్ల నోట కూడా పలికాయి. చెళ్లపిళ్ల వారు బందరులో పాఠం చెబితే విశ్వనాథ సత్యనారాయణ విన్నారు.

అదే కాలంలో ఐర్లండ్ సంగతి తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది. కరువూ వలసలూ ఇంగ్లీషు బడులూ కలిసి అక్కడి ఐరిష్ భాషను పడమటి పల్లెలకు నెట్టేశాయి. 1892 నవంబరులో ఐరిష్ భాషాభిమాని డగ్లస్ హైడ్ డబ్లిన్‌లో లేచి, మనం మనలా ఉండడం మానేస్తున్నామని వాపోయాడు. 1893లో ఆ భాష కోసం గేలిక్ లీగ్ పుట్టింది. 1897 నుంచి ఐరెఖ్తస్ అనే ఉత్సవం పెట్టి కవిత్వానికీ కథ చెప్పడానికీ పోటీలు జరిపారు. పోయిన సభను వాళ్లు మళ్లీ కట్టుకోవలసి వచ్చింది. హైడ్ మాట్లాడిన 1892లోనే విజయనగరంలో కన్యాశుల్కం ఆడారు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం అనే గ్రంథాలయం వెలిసింది. మన సభ పోలేదు. ఇవాళ గూగుల్, మైక్రోసాఫ్ట్ బోర్డులు డబ్లిన్‌లోనూ ఉన్నాయి, మన గచ్చిబౌలి, కొండాపూర్ వైపూ ఉన్నాయి. ఆ బోర్డుల కింద పనిచేసేవాళ్లే ఆ సాయంత్రం క్లబ్‌హౌస్‌లో పద్యపాదానికి చప్పట్లు కొట్టారు.

అవధానంలో పుట్టిన పద్యాలన్నీ నిలిచేవి కావన్న మాట నిజమే. ఎక్కువ భాగం ఆ పూటతోనే చెల్లిపోతాయి. కానీ పద్యం ఎలా పుడుతుందో పదిమంది చూస్తుండగా చూపే వేదిక మనకు ఇదొక్కటే. మేడసాని మోహన్, గరికిపాటి నరసింహారావు, మాడుగుల నాగఫణి శర్మ సహస్రావధానాలు చేసి చూపారు. వారి మీద గౌరవం ఉంచుకునే ఒక మాట చెబుతాను. ఇప్పుడు మనకు లోటు అవధానుల సంఖ్యలో కాదు, పృచ్ఛకుల పదునులో. ముందే పూరణ తెలిసిన సమస్య ఇస్తే, ఊరికే అక్షరాలు వదిలేస్తే, అది అవధానికి అవమానం. ఆ రోజు నేను చేసిందీ దాదాపు అంతే. రెండో పాదంలో తోచక మూడు చోట్ల నిషేధం లేదనేశాను.

తర్వాత పద్యలక్షణాల పుస్తకం తెచ్చుకుని కందం నేర్చుకున్నాను. గణాలు పట్టుబడడానికి రెండు వారాలు పట్టింది. మీ కాలనీలో ఈసారి అవధానం పెడితే వెనక వరసలో కూర్చోకండి. నెల ముందే నిషిద్ధాక్షరి కుర్చీ అడిగి తీసుకుని, నాలుగు కందాలు మీరే కట్టి చూసుకుని రండి.