ఎవరి సొత్తూ కాని భాష: పైథాన్‌ను కాపాడే పద్ధతి

పైథాన్ ప్రోగ్రామింగ్ భాషను ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, తాము అమ్మే సరుకులో కలుపుకోవచ్చు. ఎవరికీ రూపాయి కట్టనక్కర్లేదు. అలాగని దాని హక్కులు గాలికి వదిలేసినవి కావు. 2001 మార్చి 6న అమెరికాలో ఏర్పడిన పైథాన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ వాటిని చూసుకుంటుంది. ఈ సంస్థ పాత్ర గుడి ధర్మకర్త పాత్ర. ధర్మకర్త మాన్యాన్ని కాపాడతాడు, లెక్కలు చూస్తాడు. గర్భగుడిలో పూజ ఎలా జరగాలో మాత్రం అర్చకుడికి చెప్పడు. పైథాన్ ముప్పై ఏళ్లకు పైగా నిలవడంలో ఈ పని విభజనకు దక్కాల్సినంత పేరు దక్కలేదు.

గీడో వాన్ రోసమ్ 1989 డిసెంబరులో ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధన సంస్థలో ఈ భాషను మొదలుపెట్టి, 1991 ఫిబ్రవరిలో తొలిసారి విడుదల చేశారు. 1995లో ఆయన అమెరికాలోని సీఎన్‌ఆర్‌ఐకి, 2000లో బీఓపెన్ అనే కంపెనీకి, అదే ఏడాది డిజిటల్ క్రియేషన్స్‌కు మారారు. ఆయన వెంట భాష కూడా మకాం మార్చింది. మొదటి మూడు చోట్లా ఒక్కో లైసెన్సు వచ్చి చేరింది. సీఎన్‌ఆర్‌ఐ లైసెన్సులో వర్జీనియా రాష్ట్ర చట్టమే వర్తిస్తుందన్న షరతు ఉండేది. దానివల్ల ఆ లైసెన్సు ఉచిత సాఫ్ట్‌వేర్‌కు విరివిగా వాడే లైసెన్సు జీపీఎల్‌తో పొసగదని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ అభ్యంతరం చెప్పింది. ఆ చిక్కు 2001లో విడింది. అప్పటి నుంచి కొత్త వెర్షన్ల లైసెన్సు పైథాన్ ఫౌండేషన్ పేరున ఉంటోంది. పాత లైసెన్సులు మాత్రం ఇప్పటికీ పైథాన్ లైసెన్సు పత్రంలో ఒకదాని కింద ఒకటి పేర్చి కనిపిస్తాయి.

కోడ్ రాసిచ్చినవారు తమ హక్కును ఫౌండేషన్‌కు ధారపోయరు. హక్కు తమ దగ్గరే ఉంచుకుని, వాడుకుని పంచిపెట్టే అనుమతి మాత్రం ఇస్తూ ఒప్పందం రాసిస్తారు. ఇక పేరు విషయం. కోడ్‌ను ఎవరైనా తీసుకోవచ్చు గానీ ‘పైథాన్’ పేరూ, రెండు పాముల గుర్తూ ఫౌండేషన్ ట్రేడ్‌మార్కులు. 2013లో బ్రిటన్‌కు చెందిన ఒక హోస్టింగ్ కంపెనీ యూరప్‌లో ఆ పేరును తనదిగా నమోదు చేయించుకోబోయింది. పైథాన్ అంటే ఈ భాషేనని జనం ఎప్పటి నుంచో అనుకుంటున్నారని నిరూపించాల్సి వచ్చింది. యూరప్ కంపెనీల ఉత్తరాలు, ఉద్యోగ ప్రకటనలు, పుస్తకాలు పంపండని ఫౌండేషన్ వాడకందారులను అడిగింది. వివాదం మరుసటి ఏడాది సర్దుబాటయింది.

భాషలో ఏం చేర్చాలి, ఏం తీసేయాలి అన్నది ఫౌండేషన్ డైరెక్టర్ల బోర్డు తేల్చదు. దానికి పెప్ అనే వేరే దారి ఉంది. మార్పు కోరేవారు కారణం, పూర్తి వివరం, పాత ప్రోగ్రాములకు వచ్చే ఇబ్బంది, అనుకుని వదిలేసిన ఇతర మార్గాలు అన్నీ కలిపి ఒక పత్రం రాస్తారు. దాని మీద బహిరంగంగా చర్చ సాగుతుంది. పత్రం ఆమోదం పొందినా, తిరస్కారానికి గురైనా చెరిపేయరు. ఈ పద్ధతిలో అసలు విలువ తిరస్కరించిన పత్రాలదే: అదే కోరికతో పదేళ్ల తర్వాత వచ్చినవారికి అప్పుడెందుకు వద్దన్నారో అందులో దొరుకుతుంది. నాలుగు ఖాళీల ఇండెంట్ వంటి రాత మర్యాదలు చెప్పే పెప్ 8 కూడా ఇలాంటి పత్రమే. పైథాన్ నేర్చుకునే ప్రతి విద్యార్థీ ఏదో ఒక రోజు దాని పేరు వినాల్సిందే.

చాలాకాలం చివరి మాట గీడోదే. 2018లో పెప్ 572 మీద వాదన వేడెక్కింది. రెండు చుక్కల పక్కన సమాన గుర్తు పెట్టి, విలువను వాక్యం మధ్యలోనే పేరుకు అప్పగించే వెసులుబాటు అది. దాన్ని ఆమోదించాక, ఆ తగవుతో విసిగి, జులైలో గీడో పెద్దరికం వదులుకున్నారు. వారసుణ్ని నియమించలేదు. భాష కోడ్‌ను నేరుగా మార్చే అనుమతి ఉన్న కోర్ డెవలపర్లు ఏడు పాలనా నమూనాలు రాసుకుని ఓటు వేసి, 2018 డిసెంబరులో ఒకటి ఎంచుకున్నారు. దాని ప్రకారం ఐదుగురి స్టీరింగ్ కౌన్సిల్ ఏర్పడింది. ఒకే యజమాని దగ్గర పనిచేసేవారు అందులో ఇద్దరికి మించకూడదు. తన అధికారాన్ని వీలైనంత తక్కువగా వాడే దారులు కౌన్సిలే వెతకాలని కూడా నిబంధనలో రాసుకున్నారు. పాలనా నియమావళుల్లో ఇలాంటి వాక్యం అరుదు. 2019 మొదట్లో ఎన్నికైన తొలి కౌన్సిల్‌లో గీడో కూడా ఒక సభ్యుడు, మిగతా నలుగురితో సమానంగా.

ధర్మకర్తకు ఎప్పుడూ ఉండే తలనొప్పి డబ్బు. పైపీఐ అనే భాండాగారం నుంచి ప్రపంచమంతా ప్యాకేజీలు దించుకుంటుంది. వాడేవారికి ఉచితమే గానీ సర్వర్లకు, భద్రతకు, మనుషుల జీతాలకు ఖర్చు ఉంటుంది. దాన్ని కొంత కంపెనీల విరాళాలు, కొంత ఉచితంగా అందే సేవలు, కొంత అమెరికాలో ఏటా జరిగే పైకాన్ సదస్సు రాబడి మోస్తాయి. ఏడాదికి సుమారు 50 లక్షల డాలర్ల బడ్జెట్ ఉన్న ఈ సంస్థ 2025 అక్టోబరులో 15 లక్షల డాలర్ల అమెరికా ప్రభుత్వ గ్రాంటును వద్దనుకుంది. వైవిధ్యం, సమానత్వం, అందరినీ కలుపుకుపోవడం కోసం చేసే కార్యక్రమాలు సంస్థ మొత్తంలో ఎక్కడా నడపకూడదని దానికి షరతు ఉండటమే కారణం. అంతకు రెండు నెలల ముందే నిధులు చాలక, ప్రపంచవ్యాప్తంగా చిన్న సదస్సులకు ఇచ్చే గ్రాంట్లను నిలిపివేసింది. కాబట్టి వద్దనడం సులువైన పని కాదు.

ఆ గ్రాంట్లు ఎవరి కోసమో హైదరాబాద్‌లోనూ చూడవచ్చు. పైకాన్ ఇండియా 2009లో బెంగళూరులో మొదలై 2023లో హైదరాబాద్ జేఎన్‌టీయూకు వచ్చింది. నగరానికి సొంతంగా పైకాన్ఫ్ హైదరాబాద్ సదస్సు 2017లో మొదలైంది. ప్రసంగాల ఎంపిక, టికెట్లు, భోజనాల ఏర్పాటు అన్నీ జీతం లేని స్వచ్ఛంద కార్యకర్తల పని. సదస్సుల్లో చాలామందికి గుర్తుండేవి ప్రసంగాలే. నేర్పేవి మాత్రం స్ప్రింట్లు: కొత్తవారిని పాతవారి పక్కన కూర్చోబెట్టి, ఒక చిన్న లోపాన్ని సరిచేసి పంపించేదాకా వదలరు.

నగరం తూర్పు కొసకు కంప్యూటర్లు కొత్త కావు. అక్కడి శివారు నాగారం పక్కనే ఉన్న ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ 1967లో అయ్యగారి సాంబశివరావు నాయకత్వంలో ఏర్పడింది. టీడీసీ-12, టీడీసీ-316 వంటి కంప్యూటర్లు తయారైంది అక్కడే. ఆయన పేరు ఏఎస్ రావు నగర్‌గా నిలిచింది. ఉప్పల్ రోడ్డులో భూభౌతిక శాస్త్ర సంస్థ ఎన్‌జీఆర్‌ఐ, కణ, అణు జీవశాస్త్ర సంస్థ సీసీఎంబీ ఉన్నాయి. భూకంప తరంగాలను విశ్లేషించే ఆబ్స్‌పై, జన్యుక్రమాలను చదివే బయోపైథాన్ అలాంటి శాస్త్రాల కోసం శాస్త్రజ్ఞులే రాసుకుని ఊరికే పంచిపెట్టినవి. అయితే సాఫ్ట్‌వేర్ కొలువులు ఎక్కువగా పడమటి కొసకు చేరాయి. నాగారం నుంచి బస్సెక్కి ఉప్పల్‌కో హబ్సిగూడకో చేరితే అక్కడి నుంచి రాయదుర్గం దాకా మెట్రో ఒకటే లైను. మధ్యలో అమీర్‌పేట. అక్కడ ఉచిత భాషకు ఫీజు కట్టి కోర్సు చేస్తారు. లైసెన్సుకు దానితో పేచీ లేదు, అమ్ముడయ్యేది బోధన. కానీ లోపాన్ని ఎలా నివేదించాలి, రాసిన కోడ్‌కు పదిమంది వంకలు పెడితే ఎలా జవాబివ్వాలి అన్నది సిలబస్‌లో తక్కువగా కనిపిస్తుంది. పైథాన్ సంప్రదాయంలో సగం అదే.

తెలుగువారికి ఈ సంప్రదాయంలో ప్రత్యేకంగా చేయదగిన పని కూడా ఉంది. 2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3లో అక్షరాలన్నీ యూనికోడే. పెప్ 3131 వల్ల చలరాశులకు తెలుగు పేర్లు పెట్టుకోవచ్చు. ‘౧౨౩’ అని తెలుగు అంకెలు ఇచ్చినా నూట ఇరవై మూడుగా మార్చుకోగలదు. ‘స్త్రీ’ పొడవు అడిగితే మాత్రం ఆరు అంటుంది: మూడు హల్లులు, రెండు పొల్లులు, ఒక గుడిదీర్ఘం. చదువరి కంటికి అది ఒకే అక్షరం. ఇంకో ఇబ్బంది కంటికి కనపడదు. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటల్లో పొల్లు కింద వత్తు పడకుండా ఆపడానికి కనిపించని గుర్తు ఒకటి వాడతారు. పేర్లలో ఆ గుర్తు ఉంటే పైథాన్ ఒప్పుకోక తప్పు చూపిస్తుంది. ఒకేలా కనిపించే రెండు పేర్లు వేర్వేరు కావడం ప్రమాదమన్న భయానికి అర్థం ఉంది. తెలుగు రాతకు ఆ గుర్తు అవసరమన్న మాటకూ అర్థం ఉంది.

ఈ నియమం మారాలనుకునేవారు ఫౌండేషన్‌ను ఆశ్రయించి లాభం లేదు. అది బోర్డు పరిధిలోది కాదు. పెప్ రాయడానికి ఎవరైనా అర్హులే. రాసేవారు కోర్ డెవలపర్ కాకపోతే, సాధారణంగా ఒక కోర్ డెవలపర్ ఆ పత్రానికి స్పాన్సర్‌గా నిలబడాలి.