గొట్టంలో మిగిలిందేమిటి?

సెప్టెంబరు మొదట్లో, వరినాట్లు ముగిశాక, కర్ణాటకలోని కొడగులో కైల్‌పొళ్దు పండగ వస్తుంది. అక్కడి కొడవ ప్రజలు ఆ రోజు ఇంట్లోని తుపాకులు శుభ్రం చేసి, పూజగదిలో పెట్టి, అగ్నిశిఖ పూలతో అలంకరిస్తారు. తెలుగిళ్లలో దసరాకు బండికీ పనిముట్లకూ బొట్టుపెట్టినట్టే. మగబిడ్డ పుడితే ఒకసారి, మనిషి పోతే వెంటవెంటనే రెండుసార్లు తుపాకి పేల్చడం వాళ్ల ఆచారం. అలాంటి తుపాకి తాత చేతి నుంచి మనవడికి అందాలంటే పూలదండ ఒక్కటే చాలదు, గొట్టం లోపల తుప్పు చేరకూడదు.

అంగడిలో తుపాకి శుభ్రం చేసే ద్రావకాల సీసాలకు కొదవ లేదు. ఏది కొనాలన్నది మాత్రం సీసా మీది బొమ్మ తేల్చదు, గొట్టంలో మిగిలిన మురికి తేలుస్తుంది.

మూతిలోంచి మందు కూరే పాత తుపాకుల సంగతి చూడండి. సూరేకారం, బొగ్గు, గంధకం కలిసిన ఆ మందు కాలితే సగానికి పైగా బూడిదగా మారుతుంది, అందులో కొంత లోపలే ఉండిపోతుంది. అది పొటాషియం లవణాల ముద్ద. గాలిలో తేమను లాక్కుని ఇనుమును తినేస్తుంది. దీనికి విరుగుడు ఖరీదైన రసాయనం కాదు, వేడినీళ్లూ కాస్త సబ్బూ. గొట్టం అడుగును నీళ్లలో ముంచి, తడిగుడ్డ చుట్టిన కడ్డీని పైకీ కిందికీ ఆడిస్తే, కింది రంధ్రంలోంచి నీరు లోపలికి పీల్చుకుని మళ్లీ నల్లగా చిమ్ముతుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన గుప్పుమంటుంది. నీరు తేటగా వచ్చేదాకా ఆపకూడదు. వేడికి ఇనుము త్వరగా ఆరుతుంది కానీ, ఆరిన వెంటనే నూనె పట్టించకపోతే చూస్తుండగానే ఎర్రబారుతుంది. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె రాయడం తెలివైన పని కాదు. కొండల చలికి అది గడ్డకడుతుంది.

పొగలేని మందు వచ్చాక నీళ్లతో పని తీరిందనుకున్నారు. తీరలేదు. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవంతో వీడ్కోలు పలికిన .303 రైఫిల్‌నే తీసుకోండి. దాని పాత తూటాల్లో మందును అంటించే ప్రైమర్‌లో పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలాక మిగిలే పొటాషియం క్లోరైడు దాదాపు ఉప్పు లాంటిదే. నూనెలో కరగదు, నీళ్లలో కరుగుతుంది. అందుకే బ్రిటిష్ సైనికులు గరాటు పెట్టి గొట్టంలో మరిగే నీళ్లు పోసేవారు. రైఫిల్ మడమలోని చిన్న అరలో ఇత్తడి నూనెబుడ్డీ, ఒక కొస ఇత్తడి బరువు కట్టిన తాడూ ఉండేవి. బరువును వెనకనుంచి జారవిడిచి, తాడుకు ఫ్లానెల్ ముక్క తగిలించి మూతివైపు లాగేవారు. తాడు పక్కకు ఒరుసుకుంటే మూతి అంచు అరిగిపోయేది. తూటా చివరిగా వదిలేది ఆ అంచునే. అది వంకర అరిగితే గురి చెడుతుంది. శుభ్రం చేయబోయి తుపాకిని పాడుచేయడమంటే ఇదే. నేటి షూటర్లు పూత వేసిన ఒంటికడ్డీని, అది ఊగకుండా నిలిపే గైడులోంచి, వీలైన తుపాకుల్లో వెనకనుంచే పంపుతారు.

ఆధునిక రైఫిళ్లలో తూటా మీది రాగి గొట్టం గాళ్లలో అంటుకుంటుంది. మసిని వదిలించే ద్రావకాలు, 1903 నాటి హాప్పీస్ నంబర్ 9 వంటివి, ముందు వాడతారు. మొండి రాగికి అమ్మోనియా ఉన్నది కావాలి. రాగి కరిగితే గుడ్డ నీలంగా వస్తుంది. కడ్డీకి గుడ్డ పట్టే కొస ఇత్తడిదైతే ఆ నీలం దానిదే కావచ్చు! రాగి పోలేదని గంటలకొద్దీ రుద్దేవాళ్లు ముందు ఆ కొస మార్చుకోవాలి. అమ్మోనియాను సీసా మీద చెప్పినదానికంటే ఎక్కువసేపు లోపల వదలకూడదు, గాలి ఆడేచోటే వాడాలి. కడ్డీ పట్టే ముందు తుపాకి ఖాళీగా ఉందో లేదో చూడాలన్నది వేరే చెప్పాలా?

.22 రైఫిల్ షూటర్లలో చాలామంది మాత్రం అతిగా కడగరు. మైనం పూసిన సీసపు గుండ్లు గొట్టాన్ని అంతగా పాడుచేయవు. పైగా కడిగిన వెంటనే గురి కుదరదు, కొన్ని గుండ్లు పేలిస్తేగానీ దారికి రాదు. హైదరాబాదీ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో అసలు మందే ఉండదు. దాని గొట్టానికి చిన్న ఫెల్ట్ బిళ్లలు దూర్చి నెడితే సరిపోతుంది.