మలేరియా పాఠములో సైనికులు
టి-కణములు సైనికులనియు, మలేరియా పరాన్నజీవిని చూడగనే చంపుననియు జనరంజక వ్యాసములలో తరచు చదువుచున్నాము. అట్లయిన జ్వరమేల వచ్చునని నా విద్యార్థి యొకడు అడిగెను. న్యాయమైన ప్రశ్న!

ఆ ఉపమానము కాలేయము వరకే చెల్లును. దోమకాటుతో వచ్చిన ప్లాస్మోడియము చేరిన కాలేయకణము, ఆ జీవి ప్రోటీను ముక్కలను తన పైపొరమీద చూపును. సి.డి.8 టి-కణము వానిని గుర్తించి ఆ కాలేయకణమునే చంపగలదు. అయితే ఫాల్సిపారమ్ జాతి అచట నుండునది ఇంచుమించు వారమే. పిదప ఎర్రకణములలో చొచ్చును. ముదిరిన ఎర్రకణమునకు కేంద్రకము లేదు, ముక్కలను పట్టి చూపు అణువులును దాదాపు శూన్యము. ఎదుటనే యున్నను శత్రువు కానరాడు. ఇచట సి.డి.4 టి-కణములు చంపుటకంటె చంపించుటయే యెక్కువ: బి-కణములచే ప్రతిదేహములు చేయించును, భక్షకకణములను పురికొల్పును. వ్యాసకర్తలు వదలివేయునది ఈ భాగమే. ఇంకొకటి కూడ వదలుదురు: ఎలుకల మెదడుకు సోకు మలేరియాలో హాని చేయువానిలో సి.డి.8 కణములే ముఖ్యములు.